ఒక్కడివే అడవికా? అయితే దొంగవే!

వీపున ఒక సంచి. అందులో దుప్పటి, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు పూటల తిండి, ఒక టార్చి. పొద్దున అడవిలోకి నడవడం, రాత్రి చెట్టు కింద ఒంటరిగా పడుకోవడం, మర్నాడు తన చెత్త తానే మోసుకుంటూ తిరిగి రావడం. కోరిక ఇంతే. ఎవరి సొమ్మూ అడగడం లేదు, ఎవరి దారికీ అడ్డం రావడం లేదు. నార్వేలో ఇది 1957 నాటి చట్టం ఇచ్చిన హక్కు. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ఇచ్చిన హక్కు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో? అనుమానాస్పద సంచారం!

నమ్మరా? నల్లమల అంచున ఏదో ఒక అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి అడిగి చూడండి. నేను అడిగాను. ఏ ఆఫీసో చెప్పను. చెప్పినా తేడా ఏముంది? ఎక్కడికి వెళ్లినా అదే టేబులు, అదే ఫ్యాను, అదే చూపు.

"ఒక్కరేనా సార్?"

"ఒక్కణ్నే."

"రాత్రి ఉంటరా?"

"ఉంటాను."

ఆయన పెన్ను కింద పెట్టాడు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా సార్?"

లేదన్నాను.

"అప్పులు గిట్ల..."

ఉన్నాయి, బ్యాంకువి, అందరికీ ఉన్నట్టే అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. పక్క టేబులాయన అందుకున్నాడు. "గుప్తనిధుల పార్టీ కాదు కదా?" వెనక నుంచి ఇంకొకాయన, "అన్నలేమన్న మళ్ల పిలుస్తున్నరా?" అని నవ్వాడు. టీ తెచ్చిన అటెండరు ఒక్కడే మనసున్న మనిషి. "అడివెందుకు సార్, గుడి కాడ మంచి లాడ్జీలున్నయి" అన్నాడు.

ఆత్మహత్య చేసుకునేవాడు, అప్పులవాడు, నిధుల తవ్వకందారు, నక్సలైటు, లాడ్జి దొరకనివాడు. ఒంటరిగా అడవికి పోయే మనిషికి మన సర్కారు మనసులో ఇవే పోలికలు. ఆడపిల్ల అడిగితే? ఆమెను ఏమీ అడగరు. నేరుగా వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తారు.

చివరికి ఒక కాగితం ముందుకు జరిపారు. పేరు, ఆధార్, తరవాత కాలమ్: వాహనం నంబరు. నడిచే వెళ్తానన్నాను. "బండి లేకుంటే ఎట్ల సార్? ఎంట్రీ కొట్టేదే బండి మీద కదా!"

అదీ సంగతి. మొత్తం పాలసీ ఆ ఒక్క వాక్యంలో ఉంది. అడవిలోకి ప్రవేశం మనిషికి కాదు, బండికి. కాళ్ల మీద వచ్చేవాడు నేరస్థుడు, టైర్ల మీద వచ్చేవాడు టూరిస్టు.

చట్టం ఏం చెబుతోందో చూద్దామా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు పోవచ్చో చెబుతుంది. డ్యూటీలో ఉన్న సర్కారు ఉద్యోగి, అనుమతి తీసుకున్నవాడు, లోపల స్థిరాస్తి ఉన్నవాడు, ప్రజా రహదారి మీదుగా పోయేవాడు. చూశారా, రోడ్డుంటే చాలు, రోడ్డే పర్మిట్. 28వ సెక్షన్ అనుమతి దేనికివ్వాలో చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన పని. 2022 సవరణలో సినిమా షూటింగు కూడా చేర్చారు, ఆవాసానికి హాని చేయకూడదన్న షరతుతో. మన సినిమా యూనిట్లు ఎంత సుకుమారంగా షూటింగు చేస్తాయో మనకు తెలియదా? వందల మంది మనుషులు, జనరేటర్ వ్యాన్లు, క్రేను, క్యారవాన్లు, భోజనాల బండి. హీరోగారు అడవిలో ఒంటరిగా నడిచే సీను తీయడానికి ఇదంతా! హీరో ఒంటరిగా నడిస్తే ఎలివేషను. మనం నడిస్తే ఎఫ్ఐఆరు.

పర్యాటకం అనే మాట ఉంది కదా, అందులో నడక రాదా అంటారేమో. చట్టంలో వస్తుందేమో, అమలులో రాదు. అమలులో పర్యాటకం అంటే జీపు, కాటేజీ, ఏసీ, పొద్దున ఇడ్లీ. కాదంటే గైడు వెంట గంటసేపు షికారు, ఆ తరవాత మళ్లీ ఏసీ. పులి పేరు పెట్టిన ప్యాకేజీలు కూడా ఉన్నాయి. పులి మాత్రం ప్యాకేజీలో ఉండదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుందాం. పులి తిరిగే కోర్ ఏరియాలో మనిషి రాత్రి పడుకోకూడదు. న్యాయమే. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు ఇంకా పెద్దది. వాటిలో పులికి నిద్రాభంగం కలిగించే హక్కు నాకు లేదు. కోర్ ఏరియాలో నేరం చేస్తే కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు జైలు అంటోంది చట్టం. అనాలి కూడా. తలవంచి నమస్కారం పెడతాను. కానీ ఆ నమస్కారం నా ఒక్కడితోనే ఎందుకు పెట్టిస్తున్నారు?

2019 మే నెల గుర్తుందా? ఇదే అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతుక్కోండని కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. సలహా కమిటీ పేరులో అటవీ అని ఉంది మరి, అడవి మీద ఎంత ప్రేమో! బోర్లు వేసే రిగ్గులకు పులి లేచి నమస్తే పెడుతుందనుకున్నారా? చెంచులు రోడ్డెక్కారు, విద్యార్థులు రోడ్డెక్కారు, చివరికి సినిమావాళ్లు కూడా ట్వీటెక్కారు. అప్పుడు గానీ ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేయలేదు. నా దుప్పటికి దొరకని అనుమతి డ్రిల్లింగ్ రిగ్గుకు ఎంత సులువుగా దొరకబోయిందో చూడండి.

శేషాచలానికి పోదాం. అక్కడ ఒంటరిగా రాత్రి గడుపుతానంటే టాస్క్‌ఫోర్సు వచ్చి సంచి విప్పదీస్తుంది. మరి ఏళ్ల తరబడి టన్నులకు టన్నులు ఎర్రచందనం ఏ సంచిలో పోయింది? జేబులో పెట్టుకుని పోయారా? 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో ఇరవై మంది పోలీసు తూటాలకు కూలిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. దుంగ నరకడానికి తెచ్చారన్నవాళ్లు చచ్చారు. దుంగ కొన్నవాడు, ఓడ ఎక్కించినవాడు ఒక్కడైనా ఆ శవాల్లో ఉన్నాడా? అడవిలోకి రాకుండానే అడవిని తినేవాడికి ఏ సెక్షన్ వర్తిస్తుందో ఎవరైనా కాస్త చెబుతారా?

వికారాబాద్ దామగుండానికి రండి. దాదాపు 2,900 ఎకరాల రిజర్వు అడవిని నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి అప్పగించి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. దేశభద్రత అన్నారు. దేశభద్రత ముందు మనం నోరెత్తకూడదు కాబట్టి ఎత్తడం లేదు.

కంచ గచ్చిబౌలి అయితే మరీ ముచ్చట. 2025 ఉగాది సెలవులు. కోర్టులకు సెలవు, ఆఫీసులకు సెలవు, జేసీబీలకు మాత్రం సెలవు లేదు. హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన నాలుగు వందల ఎకరాల పచ్చదనంలోకి రాత్రింబవళ్లు లైట్లు వేసుకుని దిగాయి. నెమళ్ల అరుపులు దేశమంతా ఫోన్లలో విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆగమనేసరికి దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. అడవిని ఎందుకు నరికారయ్యా అంటే, రికార్డుల్లో అది అడవే కాదన్నారు! చూశారా మతలబు? మనం పడుకుందామంటే ప్రతి పొదా రిజర్వు ఫారెస్టే. వాళ్లు అమ్ముకుందామంటే ఏ చెట్టూ చెట్టు కాదు. మనిషి రాత్రిపూట నడిస్తే జంతువులు బెదురుతాయట. జేసీబీ రాత్రిపూట నడిస్తే జోల పాడుతుందా?

ఇదే తెలంగాణలో 2015లో హరితహారం మొదలుపెట్టి 230 కోట్ల మొక్కలు లక్ష్యం అన్నారు. మొక్క పాతితే ఫొటో వస్తుంది. ఉన్న చెట్టును ఉండనిస్తే ఏ ఫొటో వస్తుంది చెప్పండి?

అంతా సర్కారుదే తప్పని చప్పట్లు కొడుతున్నారా? ఆగండి. తరవాతి తూటా మనకే.

ఫోన్ తెరవండి. "ఒంటరిగా అడవిలో భయంకరమైన రాత్రి" అని వీడియో. తమ్‌నెయిల్ మీద కళ్లు పెద్దవి చేసిన కుర్రాడు, వెనక గ్రాఫిక్స్‌లో పెట్టిన పులి. ఒంటరిగా టెంటు వేస్తున్నాడు. బాగుంది. ఆ టెంటు చుట్టూ డ్రోను ఎవరు తిప్పుతున్నారు నాయనా? నువ్వు భయపడి వెనక్కి తిరిగినప్పుడు నీ ముఖం మీద లైటు ఎవరు వేశారు? కెమెరా పట్టుకున్నవాడు, లైటు పట్టుకున్నవాడు, బిర్యానీ పట్టుకొచ్చినవాడు, వీళ్లంతా ఎవరు, అడవి దేవతలా? నలుగురు కలిసి చేసే ఒంటరితనం మన తెలుగువాళ్ల కొత్త ఆవిష్కరణ. పైగా ఎండాకులు మోకాలి లోతున ఉన్న చోట క్యాంప్‌ఫైరు! అభయారణ్యంలో నిప్పు పెట్టకూడదని అదే చట్టంలో 30వ సెక్షన్ ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో అగ్గిపుల్ల చాలు, గుట్టకు గుట్ట అంటుకుంటుంది. వీడియోకు లైకులు వస్తాయి. మంట ఆర్పడానికి పచ్చి కొమ్మ పట్టుకుని ఫైర్ వాచర్ వస్తాడు. వాడికి సబ్‌స్క్రైబర్లు లేరు.

ఇక గుంపు క్యాంపింగులు. అనంతగిరి, మారేడుమిల్లి, లంబసింగి, వంజంగి. మబ్బులు చూద్దామని బయల్దేరి, రాత్రంతా డీజే వేసి, మబ్బులు వచ్చే వేళకు గుర్రు పెట్టే జనం. తెల్లారాక ఒకసారి ఆ చోటికి వెళ్లండి. సగం కాలిన మోదుగ దుంగ. దాని చుట్టూ పగిలిన బీరు సీసాల పెంకులు, మంచు పడి మెరుస్తూ. బొంగులో చికెన్ తిని పారేసిన వెదురు గొట్టాలు. బిర్యానీ మసాలా అంటుకున్న వెండి రంగు కాగితం, దాన్ని రెండు చేతులా పట్టుకుని నాకుతున్న కోతి. పొదల వెనక తడి టిష్యూలు, ఎందుకు వాడారో అడగకండి. వాగు ఒడ్డున ఒక పిల్లవాడి డైపరు. వీళ్లందరి దగ్గరా ఎంట్రీ టికెట్ ఉంది. వీళ్లందరి బండ్ల నంబర్లూ రిజిస్టరులో ఉన్నాయి. వీళ్లందరూ సక్రమమే!

అడ్డగించే ముందు అధికారులు చెప్పే మాట ఒకటుంది. "మీ భద్రత కోసమే సార్." ఎంత మంచి మాట! ఎలుగుబంటి ఉంది, పాము ఉంది, దారి తప్పుతారు, సిగ్నల్ ఉండదు. అన్నీ నిజమే. ఎలుగు ఎదురుపడితే మాట్లాడి పంపించే జంతువు కాదు. కానీ భద్రత కోసం మీరు చేసిందేమిటి? ఒక్క దారికి గుర్తులు పెట్టారా? ఒక్క మ్యాప్ అచ్చు వేశారా? మార్చి వచ్చేసరికి ఏ చెలమలో నీళ్లుంటాయో ఎక్కడైనా రాశారా? పాము కరిస్తే మందు ఉన్న ఆస్పత్రి ఎంత దూరమో బోర్డు పెట్టారా? ఏమీ లేదు. వద్దు అనే బోర్డు మాత్రం ఉంది. భద్రత అనే మాటకు మన డిక్షనరీలో అర్థం గేటుకు తాళం.

మరి పక్క రాష్ట్రాలు ఏం చేశాయి? తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ తరవాత నిబంధనలు రాశారు. 2024 అక్టోబరులో నలభై దారులు ఎంపిక చేసి, ఆన్‌లైన్ బుకింగు పెట్టి, స్థానికులకే గైడ్లుగా శిక్షణ ఇచ్చి తెరిచారు. కర్ణాటకలో 2024 జనవరిలో కుమార పర్వతం మీద తిరునాళ్లంత జనం పోగైతే, ముందు ఆపేసి, తరవాత రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టారు. కేరళ పెరియార్‌లో అయితే సాక్షాత్తూ పులుల రిజర్వులోనే చిన్న బృందాలు టెంట్లలో రాత్రి గడుపుతాయి. దారి చూపేది ఎవరో తెలుసా? ఒకప్పటి వేటగాళ్లు. దొంగను తెచ్చి కాపలాదారును చేశారు. మనమేమో కాలినడకవాణ్ని పట్టుకుని దొంగను చేస్తున్నాం. అక్కడా ఒంటరిగా వదలరు, గైడు తప్పదు. సరే బాబూ, అడిగిన ఒంటరితనంలో సగమే ఇవ్వండి. మిగతా సగం మేం మౌనంగా నడిచి సంపాదించుకుంటాం.

ఈ నేల మీద నడక కొత్తదేమీ కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. కాలికి రాజు ఇచ్చిన మర్యాద అది. నేటికీ శివరాత్రికీ ఉగాదికీ వేలమంది భక్తులు, కన్నడదేశం నుంచి కూడా, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా నల్లమలలో నడిచి, అడవిలోనే పడుకుని మల్లన్నను చేరుతున్నారు. అధికారులే నీళ్ల ట్యాంకులు పెడతారు, మెడికల్ క్యాంపులు పెడతారు. భక్తులను తప్పుపట్టడం లేదు, వాళ్ల కాళ్లకు దండం. అడుగుతున్నది ఒక్కటే. ఏడాదిలో ఆ కొద్ది రోజులూ పులి ఉపవాసం ఉంటుందా? వేలమంది నడిచినా ప్రమాదం లేని అడవి, ఒక్కడు నడిస్తే ప్రమాదం ఎలా అయింది? ఓట్ల లెక్కా అది? ఆనాటి రాజు కాళ్లకు మెట్లు కట్టించాడు. ఈనాటి ఏలికలు హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాల మీద ఉన్న నిషేధం బాధ కూడా లేకుండా, అడవి మీదుగా కార్లు దూసుకుపోయే ఎలివేటెడ్ కారిడార్ కావాలంటున్నారు. కాలిబాట అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా ఆ సమావేశాల్లో?

ఇక అడవిలో పడుకోవడం నేరమనే ఈ న్యాయం ఎవరి నెత్తిన పడిందో అదీ చూడాలి. చెంచులు. తేనెపట్టు చూడకుండానే తేనెటీగ పోయే దిక్కును బట్టి పట్టు ఎక్కడుందో చెప్పగల మనుషులు. ఏ గాలికి ఏ జంతువు వాసన వస్తుందో తెలిసిన మనుషులు. వాళ్ల పెంటలు, అంటే గూడేలు, అడవిలో ఉండకూడదట, కుటుంబానికి పదిహేను లక్షలు తీసుకుని బయటికి రావాలట. అడవి హక్కుల చట్టం 2006లోనే వచ్చింది కదా అంటే, వచ్చింది, అది కూడా వాళ్లతో పాటే రోడ్డున పడింది. మళ్లీ అడవికి కాపలా కాయాలంటే బేస్ క్యాంపుల్లో పెట్టుకునేది ఎవరిని? ఆ చెంచులనే. ఇల్లుగా ఉంటే ఆక్రమణ, దినకూలీగా ఉంటే సంరక్షణ! వాళ్లు గైడ్లుగా ముందు నడిస్తే, ఆ రాత్రి డబ్బు కాటేజీ కాంట్రాక్టరుకు కాక పెంటకు పోతుంది. బహుశా అసలు ఇబ్బంది అక్కడే ఉందేమో.

కోర్ ఏరియా వదిలేయండి. దాని బయట రెండు రాష్ట్రాల్లోనూ బోలెడంత రిజర్వు అడవి ఉంది. పది దారులు గుర్తించండి. రాత్రికి ఇద్దరో ముగ్గురో. కార్చిచ్చు నెలల్లో బందు. దరఖాస్తులో వాహనం నంబరు కొట్టేసి, అడగాల్సినవి అడగండి. ఎన్ని లీటర్ల నీళ్లు మోస్తున్నావు? రేపు సాయంత్రానికి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? తిండి పడుకునే చోటికి దూరంగా పెట్టాలని తెలుసా? మలవిసర్జనకు వాగు నుంచి అరవై మీటర్లు దూరం పోయి, జానెడు గొయ్యి తవ్వి పూడ్చాలని తెలుసా? నిప్పు పెట్టనని సంతకం చేస్తావా? లోపలికి పోయేటప్పుడు సంచిలో ప్లాస్టిక్ లెక్క రాసుకోండి. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. ఒక్క కవరు తగ్గినా జరిమానా వేయండి, ముక్కు పిండి వసూలు చేయండి. అదే లెక్క కాన్వాయిల్లో వచ్చే దొరలకూ పెట్టండి. ఎన్ని కార్లు వచ్చాయో, ఎన్ని సీసాలు లోపలికి పోయాయో, ఎన్ని తిరిగి వచ్చాయో. పెట్టగలరా? చేతులు వణుకుతున్నాయా?

చేయకపోతే పోనీ, ఒక్క పని చేయండి. అడవిలో మీరే కట్టిన ట్రాప్ కెమెరాలున్నాయి. నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్క తీస్తున్నారు, చారలను బట్టి ఏ పులి ఏదో చెబుతున్నారు. బ్రహ్మాండం. గేట్ల దగ్గర రిజిస్టర్లూ ఉన్నాయి. ఆ కెమెరాల్లో రాత్రిపూట పడ్డ బండ్ల ఫొటోలు, రాత్రి తొమ్మిది దాటాక గేటు లేచిన ప్రతిసారీ రాసిన ఎంట్రీలు, అంబులెన్సులు తీసేసి, మిగతావన్నీ బయటపెట్టండి. ఎవరి బండి, ఎవరి ఫోనుతో గేటు లేచింది, లోపల ఎంతసేపు ఉంది. చారలు చూసి పులిని గుర్తుపట్టినవాళ్లకు నంబరు ప్లేటు చూసి దొరను గుర్తుపట్టడం కష్టమా? సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, దరఖాస్తు ఫీజు పది రూపాయలు. దానికి వాహనం నంబరు అక్కర్లేదు. నడిచి వెళ్లి ఇచ్చినా తీసుకుని తీరాలి.